క్వెరీట్రాకర్ ప్రీమియం: రిజెక్షన్ మెయిల్‌ని పదేపదే చదువుకునేవాళ్ల కోసం ఒక రివ్యూ

ఇంగ్లీష్‌లో నవల రాసి అమెరికా ఏజెంట్లకి, అంటే పుస్తకాన్ని పబ్లిషర్‌కి అమ్మిపెట్టేవాళ్లకి, పంపుకుంటున్న తెలుగువాళ్లు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు, నేనూ ఆ గుంపులోనే ఉన్నా, అందుకే ఈ రివ్యూ. క్వెరీ అంటే నా నవల చూస్తారా అని ఏజెంట్‌కి రాసే ఉత్తరం, వాటి లెక్క చూసుకోడానికి క్వెరీట్రాకర్ అనే సైట్ 2007 నుంచి ఉంది. బేసిక్ అకౌంట్ ఫ్రీ, ప్రీమియం ఏడాదికి 25 డాలర్లు, అంటే మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు.

ఏ ఏజెంట్ ఏ జానర్ తీసుకుంటారో వెతుక్కోవచ్చు, ఎవరికి ఎప్పుడు పంపామో ఏం జవాబొచ్చిందో రాసిపెట్టుకోవచ్చు. ఇదంతా ఎక్సెల్ షీట్‌లో చేసుకోలేమా అంటే చేసుకోవచ్చు, దానికైతే డబ్బులు దండగ. నేను కట్టింది వేరే పనికి, వచ్చిన రిజెక్షన్‌కి అసలు అర్థమేంటో తెలీక.

పంపినవాళ్లకి తెలుసు ఆ మెయిల్ ఎలా ఉంటుందో. పంపినందుకు థాంక్స్, నేను తీసుకునే పుస్తకాల లిస్ట్‌కి ఇది సరిపోయేలా లేదు, ఇదంతా ఎవరి అభిరుచి వాళ్లది కాబట్టి ఇంకో ఏజెంట్‌కి నచ్చొచ్చు, ఆల్ ద బెస్ట్. నాలుగు లైన్లు. కొత్త రైటర్ దాన్ని జాతకం చదివినట్టు చదువుతాడు. ఇంకొకరికి నచ్చొచ్చు అన్నారంటే బాగుందనేగా? కావల్సినంతగా మనసుకి పట్టలేదు అన్నారంటే కొంచెమైనా పట్టినట్టేగా? మా అమ్మకి చదివి వినిపిస్తే "ఇంత మర్యాదగా రాసింది కదరా, ఇంకోసారి అడిగి చూడు" అంది. మన వైపు కాదనాలనుకున్నవాళ్లు ఇంత తియ్యగా మాట్లాడరు కాబట్టి ఆవిడ తప్పేం లేదు.

సరిగ్గా ఇక్కడే సైట్ పనికొస్తుంది. ఒక్కో ఏజెంట్ పేజీ కింద యూజర్లు కామెంట్లు పెడతారు, చాలామంది తమకొచ్చిన రిజెక్షన్‌ని ఉన్నదున్నట్టు పేస్ట్ చేస్తారు. మీకొచ్చిన మెయిల్, ఒహాయోలో ఎవరో థ్రిల్లర్ రాసినాయనకి వచ్చిన మెయిల్, కామాతో సహా ఒకటే అని చూశాక మనసు ఎంత తేలికవుతుందో చెప్పలేను. అది ఫామ్ రిజెక్షన్, అంటే అందరికీ ఒకేలా పంపే రెడీమేడ్ జవాబు. మీ పుస్తకం గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు, మంచి లేదు చెడు లేదు. ఏడాదికి వేలల్లో క్వెరీలొచ్చే మనిషి అందరికీ విడివిడిగా రాస్తూ కూర్చోలేరు కదా. ఈ కామెంట్లు ఫ్రీ అకౌంట్‌లో కూడా చదవొచ్చు.

డబ్బు కడితే వచ్చే అసలు వస్తువు టైమ్‌లైన్. ఎవరు ఏ రోజు పంపారు, జానరేంటి, ఎన్ని పదాల నవల, జవాబెప్పుడొచ్చింది అన్నీ పేర్లు లేకుండా వరసగా కనిపిస్తాయి. కాసేపు చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. మీ జానర్‌ని అందరికీ ఒక్క రోజులో తిప్పికొడుతున్నారంటే మీది చదివి విసుక్కున్నారని కాదు, ఆ జానరే ఇప్పుడు వద్దనుకుంటున్నారేమో. లక్షన్నర పదాల నవలలు వరసగా వెనక్కొస్తూ, ఎనభై తొంభై వేల పదాలవాటిని మాత్రం అడుగుతున్నారంటే అదీ ఒక జవాబే. మీకంటే ముందువాళ్లకీ తర్వాతవాళ్లకీ చెప్పేసి మీది మాత్రం ఆపితే పక్కన పెట్టుకున్నారని ఆశపడతాం, కొన్నిసార్లు నిజం కూడా. కాకపోతే ఈ డేటా అంతా యూజర్లు వాళ్లంతట వాళ్లు ఎక్కించేదే, పంపినవాళ్లందరూ ఇక్కడ ఉండరు, ఉన్నవాళ్లందరూ అప్‌డేట్ చెయ్యరు. మరీ నమ్మేసుకోకండి.

ఇక ఏ రిజెక్షన్‌ని సీరియస్‌గా తీసుకోవాలంటే, మీ పాత్ర పేరో ఫలానా సీనో ఎత్తి చెప్పినదాన్ని. మధ్యలో కథ నెమ్మదించింది అని రాశారంటే ఆ మనిషి టైమ్ పెట్టి చదివారన్నట్టు, దాన్ని దాచుకోండి. మార్చి మళ్లీ పంపమంటే, దాన్నే ఆర్ అండ్ ఆర్ (రివైజ్ అండ్ రీసబ్మిట్) అంటారు, ఇది దాదాపు పండగే, కంగారుపడి వారంలో తిప్పి పంపకండి. జవాబే రాకపోతే ఏజెన్సీ సైట్‌లో చూడండి, ఇన్ని వారాల్లో రాకపోతే వద్దన్నట్టే అని చాలామంది ముందే రాసిపెడతారు. ఒక్కో మెయిల్‌నీ తవ్వుకోవడం కంటే అన్నీ కలిపి చూడటం మేలు, ఎవరూ పేజీలు అడగట్లేదంటే క్వెరీ లెటర్‌లోనో మొదటి పేజీల్లోనో తేడా ఉంది, నవల మొత్తం అడిగి చదివి అందరూ వద్దంటున్నారంటే ఇబ్బంది నవల్లోనే.

టైమ్‌లైన్ చెప్పలేనిది ఒకటుంది. "వాయిస్‌తో కనెక్ట్ కాలేకపోయా" అని, అంటే మీరు కథ చెప్పే గొంతు నాకు పట్టలేదు అని వస్తుంది చూడండి, మనవాళ్లకి అక్కడ ఇంకో అనుమానం మొదలవుతుంది. తెనాలి ఇల్లు, అత్తయ్య పిన్ని పిలుపులు, వివరణ లేని ఆవకాయ, వీటివల్ల కనెక్ట్ కాలేదా లేక వాక్యమే బాలేదా? అదే మాట అమెరికన్ రైటర్లకి కూడా వస్తోందని కామెంట్లలో కనిపిస్తుంది, దాంతో సగం అనుమానం పోతుంది. మిగతా సగం పోదు, దానికి ఏ సైట్‌లోనూ కాలమ్ ఉండదు. నామటుకు నేను అత్తయ్యని ఆంటీ చెయ్యదల్చుకోలేదు.

మన వారపత్రికలకి కథ పంపినవాళ్లకి ఈ గోలంతా వింతగా ఉంటుంది. తెలుగులో ఏజెంట్ అనే మనిషే లేడు, సొంత అడ్రస్ రాసి స్టాంపులంటించిన కవరు జతచేసి నేరుగా ఎడిటర్‌కి పంపేవాళ్లం, కవరు లావుగా తిరిగొచ్చిందంటే విప్పకుండానే సంగతి తెలిసిపోయేది. ఇంగ్లీష్‌కైతే ఇండియాలోనూ ఏజెంట్లున్నారు, జైపూర్‌లో సియాహీ, ఢిల్లీలో రైటర్స్ సైడ్ లాంటివి, కానీ క్వెరీట్రాకర్ ప్రధానంగా అమెరికా, యూకే, కెనడాల మీదే నడుస్తుంది. ఇక్కడివాళ్లకే పంపాలనుకుంటే ప్రీమియం అక్కర్లేదు, వాళ్ల సైట్‌లో రూల్స్ చూసి పంపుకోండి.

రిజెక్షన్ లెటర్ మాకు పంపండి, విశ్లేషించి చెప్తాం అని డబ్బు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. పేరెందుకులే గానీ నా ఫ్రెండ్ ఒకతను కడితే, పక్కా ఫామ్ లెటర్ మీద పేజీలకి పేజీలు రాసిచ్చారు, ఏజెంట్ అంతరంగంతో సహా. అలాగే చదవడానికి ఫీజు అడిగే ఏజెంట్ కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. సరైన ఏజెంట్ పుస్తకం పబ్లిషర్‌కి అమ్ముడయ్యాకే రచయితకొచ్చే డబ్బులో మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులకైతే 20 శాతం తీసుకుంటారు, అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ రూల్సే రీడింగ్ ఫీజు ఒప్పుకోవు.

రేటింగ్ అయిదుకి నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే అర్ధరాత్రి లేచి టైమ్‌లైన్ చూసే జబ్బు పట్టుకుంటుంది, అమెరికాలో అప్పుడు పగలు కదా. ముందు ఫ్రీ అకౌంట్‌తో మొదలుపెట్టి, కొన్ని క్వెరీలు బయటికెళ్లాక, ఇక ఎదురుచూడటం తప్ప పనేం లేదు అన్నప్పుడు 25 డాలర్లు కట్టండి.