బర్క్‌లీలో డిగ్రీ చేసి పీహెచ్‌డీకి స్టాన్‌ఫర్డ్: నా రివ్యూ

బర్క్‌లీ స్టూడెంట్ ఎవరైనా పీహెచ్‌డీకి స్టాన్‌ఫర్డ్ వైపు చూస్తున్నామంటే ఫ్రెండ్స్ అడిగే మొదటి ప్రశ్న "మరి గొడ్డలి సంగతేంటి?" అనే. ఈ రెండు యూనివర్సిటీల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ 1892లో మొదలైంది. గెలిచినవాళ్లు ఏడాదిపాటు దగ్గర పెట్టుకునే ట్రోఫీ ఆ గొడ్డలి. 1982 మ్యాచ్ ఆఖరి నాలుగు సెకన్లలో, ఆట అయిపోయిందనుకుని స్టాన్‌ఫర్డ్ వాద్యబృందం (బ్యాండ్) మైదానంలోకి వచ్చేస్తే, మావాళ్లు ఆ బ్యాండ్ మధ్యలోంచే దూసుకెళ్లి 25-20తో గెలిచారు. ఆ వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా ఐదారేళ్లు పనిచేయబోయే ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ఈ అభిమానాన్ని లెక్కలోకి తీసుకోకూడదని గట్టిగా నమ్ముతాను.

నాది కంప్యూటర్ ఆర్కిటెక్చర్, అంటే ప్రాసెసర్లను ఎలా డిజైన్ చేయాలో చెప్పే సబ్జెక్ట్. మా సబ్జెక్ట్ ఇక్కడిదాకా రావడానికి ఈ రెండు యూనివర్సిటీల పోటీ కూడా ఒక కారణం. 1980ల మొదట్లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం రిస్క్ (RISC) అనే చిప్ తయారు చేస్తుంటే, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ బృందం మిప్స్ (MIPS) అనే చిప్ మీద పనిచేసింది. ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాలు తక్కువగా, సింపుల్‌గా ఉంటే చిప్ వేగంగా నడుస్తుందన్న ఆలోచన ఇద్దరిదీ. చేసిన పద్ధతులే వేరు. ప్రోగ్రామ్‌లో ఒక ప్రొసీజర్ (చిన్న భాగం) నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు పట్టే టైమ్ తగ్గించడానికి బర్క్‌లీవాళ్లు చిప్‌లోనే బోలెడన్ని రిజిస్టర్లు (డేటాను కాసేపు దాచుకునే చిన్న చోట్లు) పెట్టారు. స్టాన్‌ఫర్డ్‌వాళ్లు ఆ భారం చాలావరకు కంపైలర్ (ప్రోగ్రామ్‌ను చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) మీద వేశారు. తర్వాత ఆ ప్రొఫెసర్లిద్దరూ కలిసి రాసిన పాఠ్యపుస్తకం 1990లో వచ్చింది. కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు కూడా 2017కు ఇద్దరికీ కలిపే ఇచ్చారు. నేను ఈ సబ్జెక్ట్ నేర్చుకున్నది ఆ పుస్తకంలోనే.

అందుకే మా ప్రొఫెసర్ గారు "ఇక్కడ మేం ఎలా ఆలోచిస్తామో నీకు వచ్చేసింది, ఇంకోచోట ఎలా ఆలోచిస్తారో వెళ్లి చూడు" అన్నప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. డిగ్రీ చేసినచోటే పీహెచ్‌డీ చేయొద్దని అమెరికాలో చాలామంది ప్రొఫెసర్లు చెప్తారు. పక్కనే ఉన్న యూనివర్సిటీకి మారినా ఆ మాట పాటించినట్టే.

ఇక స్టాన్‌ఫర్డ్ విషయం. అడ్మిట్ అయినవాళ్లను పిలిచే విజిట్ డేస్‌లో ప్రొఫెసర్లు చెప్పిన వాటికంటే వాళ్ల స్టూడెంట్స్‌తో మాట్లాడిందే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఒక ల్యాబ్‌లో మూడో ఏడాది స్టూడెంట్ తన పేపర్ డ్రాఫ్ట్ తీసి చూపించింది. మార్జిన్ నిండా అడ్వైజర్ (పీహెచ్‌డీ గైడ్) చేతిరాత. రెండో పేజీలో గ్రాఫ్ పక్కన "దేనితో పోల్చి ఇంత వేగం?" అని రాసి, కింద రెండుసార్లు గీత గీసి ఉంది. ఇంకోచోట పేరా మొత్తం కొట్టేసి, ఎందుకు కొట్టేశారో నాలుగు లైన్లలో రాశారు. ర్యాంకింగ్స్ అన్నీ చదివినా నాకు ఇంత తెలియలేదు. స్టూడెంట్ రాసింది కూర్చుని చదివే అడ్వైజర్ దొరకడం పీహెచ్‌డీలో అన్నిటికంటే పెద్ద విషయం. విజిట్‌కి వెళ్లేవాళ్లు "మీ అడ్వైజర్ మంచివారేనా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "మీ డ్రాఫ్ట్ ఆయన చివరిసారి ఎప్పుడు చదివారు?" అని అడగండి.

నాకు బాగా నచ్చింది రొటేషన్. స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీలో మొదటి ఏడాది క్వార్టర్‌కు (ఒక టర్మ్‌కు) ఒక ల్యాబ్ చొప్పున మూడు ల్యాబుల్లో పనిచేసి, ఆ తర్వాత అడ్వైజర్‌ను ఖాయం చేసుకోవచ్చు. వేరే చాలాచోట్ల అడ్మిషన్‌తోపాటే అడ్వైజర్ కూడా దాదాపు ఖాయమైపోతారు. కుదిరితే అదృష్టం, కుదరకపోతే మధ్యలో మారడం పెద్ద టెన్షన్. కాస్త మొహమాటస్తులకైతే ఈ పద్ధతి నిజంగా వరం. అందరూ మారుతుంటారు కాబట్టి, ఒక ల్యాబ్ వదిలి ఇంకోదానికి వెళ్తే ఎవరూ తప్పుగా అనుకోరు.

చిక్కు కూడా అక్కడే ఉంది. బర్క్‌లీలో సెమిస్టర్లు, స్టాన్‌ఫర్డ్‌లో క్వార్టర్లు. క్వార్టర్ అంటే పది వారాల క్లాసులు. సాఫ్ట్‌వేర్ వైపు వాళ్లకు అది సరిపోతుందేమో గానీ హార్డ్‌వేర్ వాళ్లకు సరిపోదు. టూల్స్ సెట్ చేసుకుని, చిప్ పనితీరును కంప్యూటర్‌లో అనుకరించే సిమ్యులేటర్ నమ్మకంగా నడిచేసరికే సగం క్వార్టర్ అయిపోతుంది. దానికితోడు కోర్సులు. ఈ లెక్కన మొదటి రొటేషన్‌లో చూపించడానికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. ఆ విషయం ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది.

క్యాంపస్ గురించి రెండు ముక్కలు. బర్క్‌లీలో ఏ క్లాసుకు వెళ్లాలన్నా ఎత్తు ఎక్కాలి. స్టాన్‌ఫర్డ్‌లో చాలావరకు చదునైన నేల, అందరికీ సైకిళ్లు. పాలో ఆల్టో రైల్వే స్టేషన్ నుంచి యూనివర్సిటీ నడిపే మార్గరీట్ బస్సు ఫ్రీ. బయట అద్దెలు మాత్రం గుండె గుభేలుమనేలా ఉంటాయి, కాబట్టి క్యాంపస్‌లోనే ఉన్న ఎస్కాండిడో విలేజ్ లాంటి స్టూడెంట్ ఇళ్లకు గడువులోపు అప్లై చేయాల్సిందే. నాకు బెంగగా అనిపించేది ఒకటే. బర్క్‌లీలో గేటు దాటగానే షాపులతో నిండిన టెలిగ్రాఫ్ అవెన్యూ, ఊరంతా మనతోనే ఉన్నట్టుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో క్యాంపస్సే ఒక ఊరు, అసలు ఊరు కాస్త దూరంగా ఉంటుంది.

నిర్ణయం చెప్పమని ఎవరైనా తొందరపెడితే కంగారుపడకండి. ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్లకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాల్సిన పనిలేదని అమెరికాలోని చాలా యూనివర్సిటీలు కలిసి ఒప్పుకున్నాయి. ఈ రెండూ అందులో ఉన్నాయి. ఆలోగా ఆఫర్ లెటర్‌లో ఫండింగ్ ఎన్నేళ్లకని రాశారో, వేసవి నెలలు కూడా అందులో కలిసి ఉన్నాయో లేదో చూడండి. రాసిలేకపోతే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర. తగ్గించిన ఆ అర పది వారాల క్వార్టర్‌కే. నేను స్టాన్‌ఫర్డ్‌లో చేరుతున్నాను. నవంబర్‌లో మ్యాచ్‌కి మాత్రం బర్క్‌లీ నీలం చొక్కాతోనే వెళ్తాను.