గేమింగ్ పీసీతో పాటు "లైబ్రరీ" కూడా అమ్ముతామంటే ఆగండి

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ గేమింగ్ పీసీ కోసం వెతుకుతున్న తెలుగువాళ్లకు ముందే ఒక మాట. పీసీకి ఒక రేటు, అందులో ఉన్న గేమ్ అకౌంట్లకు ఇంకో రేటు అంటే, పీసీ వరకే బేరమాడండి. అకౌంట్లకు రూపాయి కూడా పెట్టొద్దు. అమ్మేవాడు మన ఊరివాడైనా సరే, నిజంగా తన సొంత అకౌంట్లే ఇస్తున్నా సరే.

మా పిన్ని కొడుకు ఈ పద్ధతిలోనే డబ్బు పోగొట్టుకున్నాడు. అదే ప్రకటన, అవే ఫొటోలతో, వేరే నంబరుతో ఇప్పుడు ఇంకో రెండు గ్రూపుల్లో తిరుగుతోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

వాడిది అనంతపురం. ఉద్యోగం వచ్చి మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటున్నాడు. ముందు కంప్యూటర్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్లి పీసీ అసెంబుల్ చేయిద్దామనుకున్నాడు కానీ కొటేషన్ చూసి వెనక్కి తగ్గాడు. అప్పుడే ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ ప్రకటన కనపడింది. అమ్మేవాడు ఆన్‌సైట్‌కి (కంపెనీ తరఫున విదేశానికి) వెళ్తున్నాడట, అర్జెంటుగా అమ్మేయాలట. పీసీ ఒక్కటే అయితే 52 వేలు, లైబ్రరీతో, అంటే అతని అకౌంట్లలోని గేమ్స్‌తో కలిపి 64 వేలు. "నాలుగు స్టోర్లు, 380కి పైగా గేమ్స్, లైఫ్‌టైమ్ యాక్సెస్" అని రాశాడు. ఫోన్ చేస్తే "మనోళ్లకే ఇద్దామని ఆగాను తమ్ముడూ, బయటివాళ్లు చాలామంది అడుగుతున్నారు" అన్నాడు. పరాయి ఊళ్లో మన భాష వినపడితే సగం అనుమానం అక్కడే పోతుంది. ఈ ప్రకటన తెలుగు గ్రూపుల్లోనే పడటం ఊరికే జరిగింది కాదని నా అభిప్రాయం.

డెమో చూపించిన తీరు మాత్రం గమనించాల్సిందే. పీసీ ఆన్ చేసి నేరుగా ప్లేనైట్ తెరిచాడు. ప్లేనైట్ అంటే తెలియనివాళ్లకు: స్టీమ్, ఎపిక్, జీవోజీ, యూబీసాఫ్ట్ కనెక్ట్ లాంటి వేర్వేరు స్టోర్లలో ఉన్న మన గేమ్స్ అన్నిటినీ ఒకే తెరమీద చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. చాలా మంచిది, నేనూ రోజూ వాడతాను. 27 అంగుళాల మానిటర్ నిండా కవర్ బొమ్మలు వరసగా పేర్చి ఉంటే ఎవరికైనా కళ్లు చెదురుతాయి. మావాడు అదంతా వీడియో తీసి నాకు పంపాడు కూడా.

ఆ వీడియోని నిదానంగా ఆపుతూ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ప్లేనైట్‌లో కనపడే ప్రతి గేమూ కొన్నదే కానక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేయనివి కూడా అందులో ఉంటాయి. పేరు టైపు చేసి, బొమ్మ తగిలించి మనమే చేతితో ఎన్ని గేమ్స్ అయినా చేర్చుకోవచ్చు. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్ సబ్‌స్క్రిప్షన్‌లో ఆడి వదిలేసినవి కూడా ఎక్స్‌బాక్స్ పేరుతో వచ్చి కూర్చుంటాయి. సబ్‌స్క్రిప్షన్ లేకపోతే అవి ఉత్త బొమ్మలే. ఒకే గేమ్ రెండు మూడు స్టోర్లలో ఉంటే రెండు మూడు సార్లు లెక్కలోకి వస్తుంది. మావాడి వీడియోలో ఒకే గేమ్ మూడు చోట్ల కనపడింది. జీవోజీ వాళ్ల గెలాక్సీ అనే యాప్‌లోనూ లేని గేమ్‌ని ఉన్నట్టు చేర్చుకునే వీలుంది. ఇవి మన సౌకర్యం కోసం చేసిన ఏర్పాట్లు, ఆస్తి పత్రాలు కావు.

ఇక ఎపిక్ సంగతి. 2018 డిసెంబరులో ఆ స్టోర్ మొదలైనప్పటి నుంచీ ఫ్రీ గేమ్స్ ఇస్తూనే ఉన్నారు. ఇప్పటికీ ప్రతి గురువారం రాత్రి మన టైం ప్రకారం ఎనిమిదిన్నరకో తొమ్మిదిన్నరకో కొత్తవి వస్తాయి. వారం వారం నొక్కుతూ పోయినవాడికి పైసా ఖర్చు లేకుండా వందల గేమ్స్ పోగవుతాయి. మావాడు 12 వేలు పోసి కొన్న "లైబ్రరీ"లో సగానికి పైగా ఆ కోవలోవే. ఎపిక్ అకౌంట్లో ట్రాన్సాక్షన్స్ పేజీ తెరిస్తే కింది దాకా సున్నాలే.

పెద్ద అకౌంట్ స్టీమ్‌ది. అందులో లైసెన్సుల పేజీ అని ఒకటి ఉంటుంది, చాలామంది అటు వెళ్లరు. అకౌంట్ డీటెయిల్స్‌లోకి పోతే కనపడుతుంది. ప్రతి వరుసలో తేదీ, గేమ్ పేరు, అది ఏ దారిన వచ్చిందో రాసి ఉంటుంది: స్టోర్‌లో కొన్నదా, బయట కొన్న కీ (గేమ్‌ని అకౌంట్‌లో చేర్చే కోడ్) వేసిందా, గిఫ్ట్‌గా వచ్చిందా, ఉచితంగా వచ్చిందా అని. మావాడు కొన్న కొత్తలో ఒక ఆదివారం వాడి గదికి వెళ్లి ఆ పేజీ తెరిచాను. ఎక్కువ వరుసల్లో కాంప్లిమెంటరీ, అంటే ఉచితం అనే ఉంది. పక్కనే ఉన్న పర్చేజ్ హిస్టరీ చూస్తే మాత్రం నిజంగానే టెన్షన్ పట్టుకుంది. 2021, 2022లో కొన్నవన్నీ టర్కీ లీరాల్లో ఉన్నాయి. ఇంజనీరింగ్ నుంచీ బెంగళూరులోనే ఉన్నానని చెప్పిన మనిషికి లీరాలు ఎక్కడివి?

అమ్మినవాడికి ఫోన్ చేసి అడిగితే తడుముకోకుండా సమాధానం చెప్పాడు. "అప్పట్లో వీపీఎన్ పెట్టి కొనేవాళ్లం అన్నా, అక్కడ చీప్ కదా." వీపీఎన్ అంటే మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్. వినడానికి నమ్మశక్యంగానే ఉంటుంది. టర్కీ, అర్జెంటీనాల్లో అప్పట్లో గేమ్స్ చవకే, అలా కొన్నవాళ్లూ ఉన్నారు. 2023 నవంబరులో స్టీమ్ ఆ రెండు దేశాల్లో ధరలను డాలర్లలోకి మార్చేసింది. కానీ ఒకవేళ నిజంగా వీపీఎన్‌తో కొన్నదే అయినా అది స్టీమ్ రూల్స్‌కి విరుద్ధం, ఎప్పుడైనా అకౌంట్‌కి ఇబ్బందే. ఆ మాట అబద్ధమైతే ఆ అకౌంట్ టర్కీలో ఎవరిదో. ఎటు చూసినా కొన్నవాడికే నష్టం.

మావాడు జాగ్రత్తలు తీసుకోలేదని కాదు. పాస్‌వర్డ్ మార్చాడు, ఈమెయిల్ మార్చాడు, లాగిన్‌కి ఫోన్‌లో కోడ్ అడిగే స్టీమ్ గార్డ్ కూడా పెట్టుకున్నాడు. అయినా కొన్ని వారాలకి ఒక రాత్రి, ఆడుతుండగానే లాగవుట్ అయిపోయింది. మళ్లీ లోపలికి వెళ్లడం కుదరలేదు. అకౌంట్ అసలు ఓనర్ వెనక్కి తీసుకున్నాడు.

ఇది ఎలా సాధ్యమని చాలామంది అడిగారు. అకౌంట్ ఎవరిదన్న గొడవ వస్తే స్టోర్ సపోర్ట్ చూసేది ఇప్పుడు ఎవరి ఫోన్‌లో కోడ్ వస్తోందన్నది కాదు. మొదట ఏ ఈమెయిల్‌తో తెరిచారు, మొదటి కొనుగోళ్లకు ఏ కార్డు వాడారు, పాత కీలు ఎవరి దగ్గరున్నాయి, ఇవీ వాళ్లకి రుజువులు. అవి ఎప్పటికీ మొదటి మనిషి దగ్గరే ఉంటాయి. కొన్నవాడు ఎన్ని తాళాలు మార్చినా ప్రయోజనం లేదు. అకౌంట్లు దొంగిలించేవాళ్లకే కాదు, అమ్మి మళ్లీ వెనక్కి లాక్కునేవాళ్లకి కూడా ఇదే దారి. ఒకే అకౌంట్‌ని ఇలా నలుగురికి అమ్మొచ్చు.

పోనీ మనం సపోర్ట్‌కి రాద్దామా అంటే అది ఇంకా ఇరకాటం. స్టీమ్ ఒప్పందంలో అకౌంట్‌ని అమ్మడం గానీ, ఇంకొకరికి బదిలీ చేయడం గానీ కుదరదని స్పష్టంగా ఉంది. "నేను డబ్బిచ్చి కొన్నాను" అని రాసిన మరుక్షణం మన వాదన మనమే చెడగొట్టుకున్నట్టు. వీలునామా రాసి కూడా అకౌంట్‌ని వారసులకు ఇవ్వలేరని స్టీమ్ సపోర్ట్ ఒకరికి జవాబిచ్చినట్టు 2024లో వార్తలొచ్చాయి. కన్నకొడుక్కే చెల్లనిది వాట్సాప్‌లో కొన్నవాడికి చెల్లుతుందా?

అసలు స్టోర్ నుంచి నేరుగా కొన్నప్పుడు కూడా మనకొచ్చేది ఆడుకునే లైసెన్సే, గేమ్ సొంతం కాదు. 2024 అక్టోబరు నుంచి స్టీమ్ చెకౌట్ పేజీలో ఆ మాట రాసే చూపిస్తోంది. ది క్రూ అనే గేమ్‌ని 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసి మూసేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆ తర్వాత దాన్ని అధికారికంగా ఆడలేకపోయారు. అలాంటప్పుడు ఇంకొకరి అకౌంట్ కొనడమంటే, అద్దెకున్నవాడి దగ్గర ఇల్లు కొన్నట్టే.

మావాడికి 12 వేలతోనే పోలేదు, ఇది చాలామందికి తట్టని విషయం. ఆ అకౌంట్ తనదే అనుకుని తన యూపీఐతో ఒక కొత్త గేమ్ కొన్నాడు, వాలెట్‌లో కొంత డబ్బు కూడా వేశాడు. అవి కూడా గోవిందా. పైగా కాలేజీ రోజుల నుంచి ఉన్న తన సొంత పబ్లిషర్ అకౌంట్‌ని (గేమ్ విడుదల చేసే కంపెనీ దగ్గరి అకౌంట్) దానికి లింక్ చేశాడు. స్టీమ్‌లో కొన్నా సరే, యూబీసాఫ్ట్, ఈఏ, రాక్‌స్టార్ గేమ్స్ చాలావరకు వాళ్ల సొంత లాంచర్ అకౌంట్ కూడా అడుగుతాయి. లింక్ పడ్డాక ఆ గేమ్ ఆడాలంటే రెండు అకౌంట్లూ ఉండాలి. ఒకటి పోతే రెండోది ఉన్నా దండగే.

అమ్మినవాడు మొదట "సర్వర్ ప్రాబ్లం, రెండు రోజుల్లో వచ్చేస్తుంది" అన్నాడు. తర్వాత మెసేజ్‌లకి నీలి టిక్కులు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత నంబరే పనిచేయలేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చింది, ఇప్పటికి అంతే. డబ్బు పంపిన గంటల్లోనే ఫోన్ చేస్తే బ్యాంకులో ఆపడానికి వీలుంటుంది, వారాలు గడిచాక అది కష్టం. పీసీ మాత్రం బాగానే ఉంది. గ్రాఫిక్స్ కార్డ్ సీరియల్ నంబర్ పెట్టెతో సరిపోయింది కాబట్టి ఆ 52 వేలకి ఢోకా లేదు.

ఇదే బాపతువి ఇంకో రెండు తిరుగుతున్నాయి. ఒకటి "ఫ్యామిలీలో చేరుస్తాం" అనేది. స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఆరుగురి దాకా ఉండొచ్చు, ఒకరి గేమ్స్ ఇంకొకరు ఆడుకోవచ్చు. 2024 సెప్టెంబరులో అందరికీ వచ్చింది, ఇంట్లోవాళ్ల కోసం ఉద్దేశించింది. ముక్కూ మొహం తెలియనివాడి ఫ్యామిలీలో డబ్బిచ్చి చేరితే, బయటికొచ్చినా, అందులో చేరిన రోజు నుంచి ఏడాది గడిచేదాకా ఇంకో ఫ్యామిలీలో చేరలేరు. అంతకన్నా ఘోరం ఏంటంటే, మీ గేమ్ వాడుకుంటూ వాళ్లలో ఎవడైనా చీటింగ్ చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది. రెండోది "ఆఫ్‌లైన్ యాక్టివేషన్" అని రెండు మూడు వందలకి అమ్మేది. ఒకే అకౌంట్ పాస్‌వర్డ్‌ని పదుల మందికి ఇచ్చి, లాగిన్ చేసి ఆఫ్‌లైన్‌లో పెట్టుకోమంటారు. విండోస్ మళ్లీ వేశారా, గేమ్ అప్‌డేట్ అయిందా, మళ్లీ వాడి కాళ్లు పట్టుకోవాలి.

నిజంగా తక్కువ ఖర్చులో లైబ్రరీ కావాలంటే సొంత ఈమెయిల్‌తో సొంత అకౌంట్లే తెరవండి. గురువారాలు ఎపిక్‌లో నొక్కండి. స్టీమ్ వేసవి, శీతాకాలం సేల్స్ దాకా ఆగండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. ఒకే గేమ్ స్టీమ్‌లోనూ జీవోజీలోనూ దగ్గర దగ్గర రేటుకి ఉంటే నేను జీవోజీవైపే మొగ్గుతాను. అక్కడ ఇన్‌స్టాలర్‌ని దించుకుని హార్డ్ డిస్కులో పెట్టుకోవచ్చు, రేపు అకౌంట్‌కి ఏమైనా ఆ ఫైల్ మన దగ్గర ఉంటుంది. అన్నీ ఒకేచోట కనపడాలంటే ప్లేనైట్‌ని దాని సొంత సైట్ నుంచే దించుకోండి. గ్రూపులో ఎవరో "అన్నీ సెట్ చేసిన వర్షన్" అని పంపిన ఫైల్‌లో మీ పాస్‌వర్డ్ కొట్టొద్దు.

ఇప్పటికే ఇలాంటి అకౌంట్ కొని ఉంటే, అది ఇంకా పనిచేస్తోందని సంబరపడొద్దు. ఇవాళే మీ సొంత యూబీసాఫ్ట్, ఈఏ, ఎపిక్ లింకులు దాన్నుంచి విడదీయండి. సేవ్ చేసి ఉన్న కార్డు తీసేయండి. వాలెట్‌లో కొత్తగా డబ్బు వేయొద్దు. అమ్మినవాడితో చాట్, ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ ఒక చోట దాచి 1930కి ఫోన్ చేయండి. అకౌంట్ పోయాక "రికవరీ చేసి పెడతాం" అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్‌లు వస్తాయి, మావాడికి మర్నాడే వచ్చింది. ముందు ఫీజు అడుగుతారు. వాళ్లకి జవాబు కూడా ఇవ్వకండి, బ్లాక్ చేసేయండి.