ఫ్లోటింగ్ డిస్కా, సాలిడ్ డిస్కా? ముందు కాలిపర్‌ను చూడండి

అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతుండగా, అనంతగిరి దాటిన తర్వాత నా మోటార్‌సైకిల్ ముందు బ్రేకు లివర్ వేళ్ల కింద లయగా కొట్టుకోవడం మొదలైంది. బండి నాలుగు వందల సీసీ తరగతికి చెందినది. ముందు చక్రానికి 300 మిల్లీమీటర్ల సాలిడ్ డిస్క్, పిన్నుల మీద పక్కకు జరిగే రెండు పిస్టన్ల కాలిపర్ (పిస్టన్లతో ప్యాడ్లను నెట్టి డిస్క్‌ను రెండు వైపులా పట్టుకునే భాగం) కంపెనీ నుంచే వచ్చాయి. విశాఖపట్నంలో మెకానిక్ చక్రం తిప్పి చూసి డిస్క్‌కు బెండు వచ్చిందని, ఈసారి ఫ్లోటింగ్ వేయించుకుంటే మళ్లీ ఆ బాధ ఉండదని చెప్పారు. ఆ మాట మీద, సాలిడ్ డిస్క్ ధరకు దాదాపు రెండున్నర రెట్లు పెట్టి ఫ్లోటింగ్ డిస్క్ కొన్నాను. రెండేళ్లు దాన్ని వాడి, ఆ తర్వాత పాత డిస్క్‌నే తిరిగి బిగించి నడిపాను కాబట్టి, రెండింటినీ ఒకే బండి మీద, ఒకే దారుల్లో పోల్చి చెప్పగలుగుతున్నాను.

సాలిడ్ డిస్క్ అంటే ఒకే స్టెయిన్‌లెస్ స్టీలు పలక. అది నేరుగా చక్రం మధ్యలోని హబ్‌కు బోల్టులతో బిగుస్తుంది. ఫ్లోటింగ్ డిస్క్‌లో ప్యాడ్లు పట్టుకునే స్టీలు రింగు వేరు, హబ్‌కు బిగిసే అల్యూమినియం మధ్యభాగం వేరు. రెండింటినీ బాబిన్లు అనే గుండ్రటి బొత్తాలు కలుపుతాయి. బ్రేకు వేడికి స్టీలు వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల రింగు ఉష్ణోగ్రత 300 డిగ్రీలు పెరిగితే దాని వ్యాసం సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. సాలిడ్ డిస్క్‌లో అంచు కాలిపోతున్నా మధ్యభాగం చల్లగానే ఉండి దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి, వేడి మరీ ఎక్కువైతే పలక పళ్లెంలా ఒకవైపుకు వంగే అవకాశం ఉంటుంది. ఫ్లోటింగ్‌లో రింగుకు బాబిన్ల దగ్గర కాస్త చోటు ఉండటం వల్ల అది అడ్డులేకుండా పెరిగి, చల్లారాక యథాస్థితికి వస్తుంది. ఇది నిజమైన ప్రయోజనం, అందులో నాకు సందేహం లేదు.

అయితే ఆ ప్రయోజనం ఎవరికి అందుతుందన్నది కాలిపర్ మీద ఆధారపడి ఉంటుంది. రెండు వైపులా పిస్టన్లు ఎదురెదురుగా ఉండి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు కదలకుండా బిగిసిన కాలిపర్ తాను జరగలేదు; అందువల్ల రెండు ప్యాడ్ల మధ్య సరిగ్గా కుదురుకోవడానికి డిస్కే కొద్దిగా కదలగలిగితే మేలు. మన రోడ్ల మీద తిరిగే చాలా బండ్లకు ఉన్నట్లు పిస్టన్లు ఒకే వైపు ఉండే కాలిపర్ అయితే అదే పిన్నుల మీద జరిగి డిస్క్‌కు అనుగుణంగా సర్దుకుంటుంది. అక్కడ ఫ్లోటింగ్ డిస్క్ వేస్తే బ్రేకు పట్టుకు నష్టమేమీ లేదు గాని, ఇప్పటికే జరుగుతున్న పనికి రెండోసారి డబ్బు చెల్లించినట్లవుతుంది. నేను చేసింది అదే.

పాత డిస్క్‌ను పారవేయకపోవడం వల్ల అసలు విషయం తెలిసింది. ఏడాది తర్వాత ఒక మిత్రుని వర్క్‌షాపులో దానికి డయల్ గేజ్ (పక్కకు ఎంత ఊగుతుందో ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి తిప్పితే ముల్లు 0.1 మిల్లీమీటరుకు మించి ఊగలేదు. నా బండి సర్వీస్ పుస్తకం 0.3 వరకు అనుమతిస్తుంది. అంటే డిస్క్‌కు బెండు లేనే లేదు. ఎర్రగా వేడెక్కిన బ్రేకును పట్టి ఉంచి బండి ఆపినప్పుడు ప్యాడ్ పదార్థం మచ్చలుగా అంటుకుని, ఆ మచ్చల దగ్గర పట్టు మారడమే లివర్ కొట్టుకోవడానికి కారణం. గరుకు కాగితంతో రుద్ది, కొత్త ప్యాడ్లు వేసి బిగించాక అదే ఘాట్‌లో ఆ డిస్క్ నిశ్శబ్దంగా, నునుపుగా పనిచేసింది. ఫ్లోటింగ్‌తో వచ్చిందనుకున్న మార్పులో అత్యధిక భాగం, దానితోపాటు వేసిన కొత్త ప్యాడ్లది.

ఘాట్ గురించి మరొక మాట చెప్పాలి. మనిషితో కలిపి 250 కిలోల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే 245 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. డిస్క్ ఏ రకమైనా ఆ లెక్క మారదు. చిన్న గేరులో ఇంజిన్ మోయని వాటా అంతా బ్రేకుకే వస్తుంది. ఆ వేడికి ముందుగా లొంగేది చాలాసార్లు డిస్క్ కాదు, బ్రేక్ ఆయిల్. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న తర్వాత ఆ హద్దు 155కు పడిపోతుంది. సముద్రం పక్కన తేమలో తిరిగే బండికి రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చడం కొత్త డిస్క్ కంటే విలువైన ఖర్చని నా గట్టి నమ్మకం.

ఫ్లోటింగ్ డిస్క్‌తో వచ్చిన ఇబ్బందులను దాచను. గతుకుల మీద అది టకటకమని చప్పుడు చేస్తుంది. కొంత చప్పుడు సహజమే గాని, బాబిన్లు అరిగితే అది పెరుగుతుంది. దానికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టింది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన ఉండే మా ఇంట్లో రెండు వర్షాకాలాలు గడిచేసరికి బాబిన్ల చుట్టూ ప్యాడ్ ధూళి, తుప్పు పేరుకుని మూడు పూర్తిగా బిగుసుకుపోయాయి. బిగుసుకున్న ఫ్లోటింగ్ డిస్క్ సాలిడ్ డిస్క్ కంటే నాణ్యమైనది కాదు. ఒక్కొక్క బాబిన్‌లో బోల్టు, నట్టు పట్టించి తిప్పుతూ బ్రేక్ క్లీనర్‌తో కడిగితే మళ్లీ వదులయ్యాయి. ఆ పనికి ఒక ఆదివారం ఉదయమంతా పట్టింది.

ఎదురెదురు పిస్టన్ల కాలిపర్ ఉన్న పెద్ద బండి నడిపేవారికి, ట్రాక్ మీద పదేపదే గట్టిగా బ్రేకు వేసేవారికి ఫ్లోటింగ్ డిస్క్‌నే కొనమని నిస్సంకోచంగా చెబుతాను. పిన్నుల మీద జరిగే కాలిపర్ ఉన్నవారు సాలిడ్ డిస్క్‌నే ఉంచుకుని, కాలిపర్ పిన్నులకు గ్రీజు పెట్టించి, మంచి ప్యాడ్లు వేయించుకోవడం మేలు. ఫ్లోటింగే కావాలనుకుంటే దుకాణంలోనే రింగును చేత్తో పట్టి కదిలించి చూడండి. బొత్తాల ఆకారంలో రివిట్లు కొట్టి, ఏమాత్రం కదలని డిస్క్‌లను కూడా ఆ పేరుతో అమ్ముతున్నారు. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండి అయితే, చక్రంతో తిరిగే సెన్సర్ రింగుకు, దాని వేగాన్ని చదివే సెన్సర్‌కు మధ్య దూరం కొత్త డిస్క్‌తో మారకూడదు. చివరగా, డిస్క్ మీదే చెక్కి ఉండే కనీస మందం అంకెను వెతికి, పాత డిస్క్‌ను మైక్రోమీటరుతో కొలిపించండి. నాది ఆ హద్దుకు ఇంకా అర మిల్లీమీటరు పైనే ఉంది, ఈ రోజుకూ బండి మీద ఉన్నది అదే.