రొయ్యల గుంట వాటర్ టెస్ట్ కిట్, ఒక పంట వాడాక

ముత్తుకూరు పక్కన కండలేరు క్రీక్ (సముద్రపు పాయ) నీళ్ళతో వెనామీ రకం రొయ్య వేస్తాం, రెండెకరాల గుంట. అంతకు ముందు పంటలో తెల్లారేసరికి రొయ్య పైకి తేలింది, నీళ్ళు ల్యాబ్‌కి తీసుకుపోయి రిజల్ట్ వచ్చేలోపే అంతా అయిపోయింది, అందుకే నెల్లూరులో ఒక షాపులో మూడు వేల చిల్లర పెట్టి ఈ కిట్ తెచ్చుకున్నా. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) టెస్టులన్నీ ఒకే బాక్సులో ఉంటాయి.

డీఓ టెస్ట్ మాత్రం చాలా బాగుంది. సీసాలో బుడగ లేకుండా నీళ్ళు పట్టి రెండు మందులు వేస్తే, ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది, లెక్క కట్టకముందే కంటికి తెలిసిపోతుంది. తెల్లారకముందే చూడండి, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి అప్పుడే బాగా తక్కువ ఉంటుంది. గుంటలో 4 పీపీఎం (లీటరుకి 4 మిల్లీగ్రాములు) కంటే తగ్గకూడదు. ఒకరోజు క్రీక్‌లో పట్టి చూస్తే 3 కూడా రాలా, గుంటకి నీళ్ళు తోడే మోటర్ వెయ్యకుండా ఆగిపోయా.

క్రీక్‌లో ఆక్సిజన్ తగ్గడానికి పక్కనున్న ఫ్యాక్టరీలదే తప్పనుకున్నా ముందు. వాళ్ళ వేడి నీళ్ళు కలిస్తే ఆక్సిజన్ తగ్గుతుంది, అది నిజమే, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువే కరుగుతుంది. కానీ మా గుంటల డ్రైన్ క్రీక్‌లో పడే చోట చూస్తే ఇంకా ఘోరం, మిగిలిన మేత, రొయ్య పెంట అంతా అక్కడికే పోతుంది, కాలు పెడితే నల్ల బురద, కుళ్ళిన గుడ్డు వాసన. పీత పిల్లలు, చేప పిల్లలు పెరిగేది ఆ క్రీక్ ఒడ్డు మడ చెట్ల వేర్ల మధ్యే కదా. నీళ్ళు శుద్ధి చేసి వదలాల్సింది పోయి, మా అట్టాంటి చిన్నోళ్ళం నేరుగా వదిలేస్తున్నాం. నాకు చాలా బాధేసింది.

అమ్మోనియా టెస్ట్ నచ్చలా. దాంట్లో అమ్మోనియా ఎంతుందో రంగుతో చూపించే నెస్లర్ అనే మందు ఇచ్చారు, ఉప్పు నీళ్ళలో వేస్తే మబ్బు పట్టినట్టు అయిపోతుంది, రంగు పోల్చలేం. పైగా అమ్మోనియా ఒక్కటే చూస్తే చాలదు, పీహెచ్ 7 నుంచి 8కి పోతే అందులో విషపు భాగం సుమారు పది రెట్లవుతుంది, ఆ లెక్కల టేబుల్ కిట్‌తో ఇచ్చిన పేపర్లో లేనే లేదు. అన్నిటికన్నా కోపం వచ్చింది ఏందంటే, నెస్లర్ మందులో పాదరసం ఉంటుంది, వాడినాక యాడ పారబొయ్యాలో ఒక్క ముక్క రాయలేదు. పాదరసం బురదలో చేరితే బాక్టీరియా దాన్ని ఇంకా విషంగా మార్చి చేపల్లోకి ఎక్కిస్తుంది, ఆ చేప మళ్ళా మన కంచంలోకే. నేను మొదటి వారం గట్టు మీదే పోసేశా, తెలీక.

ఫ్యాక్టరీల నుంచి వచ్చే నూనె, బూడిద, లోహాలు ఈ కిట్‌తో తెలియవు, వాటికి ల్యాబే దిక్కు.

డీఓ కోసం కొనొచ్చు, 5కి 3 ఇస్తా. అమ్మోనియాకి మటుకు సాలిసిలేట్ అనే మందుతో చేసే రకం అడగండి, దాంట్లో పాదరసం ఉండదు. నా దగ్గర వాడేసిన మందు రెండు క్యాన్లు మూత బిగించి షెడ్‌లో పెట్టా, తీసుకుంటారేమో ల్యాబ్ వాళ్ళని అడగాలి.