మోటుల్ ఆర్‌బీఎఫ్ 600: వైజాగ్‌లో రోజూ, చెన్నైలో ట్రాక్ డే

ముందే చెప్పేస్తున్నా, మీ కారు ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక ఆఫీసుకి, ఆదివారం భీమిలి రోడ్డుకి తప్ప ఇంకెక్కడికీ పోదంటే ఈ బ్రేక్ ఆయిల్ మీకు దండగ. ఏ మంచి కంపెనీ డాట్ 4 గ్రేడు ఆయిల్ అయినా టైముకి మార్పిస్తే చాలు, బ్రేకులు బ్రహ్మాండంగా పడతాయి. ఏడాదికి ఒకటో రెండో సార్లు ట్రాక్ డే కి (సొంత కారుని రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజు) పోయేవాళ్ళు, అరకు ఘాట్‌లో కాస్త గట్టిగా నడిపేవాళ్ళు మాత్రం చదవండి.

మనకి ఇక్కడ ట్రాక్ లేదు కదా. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నదే దిక్కు, ల్యాప్ 3.7 కిలోమీటర్లు, ఎన్‌హెచ్ 16 పట్టుకుని పోతే ఇంటి నుంచి సుమారు 800 కిలోమీటర్లు. ట్రైలర్ మీద వేసుకెళ్ళేంత సీన్ మనకెక్కడిది, అదే కారులో పోయి అదే కారుని ట్రాక్ మీద తిప్పి మళ్ళీ అదే కారులో తుని, అనకాపల్లి మీదుగా ఇంటికొచ్చి సోమవారం పొద్దున్న ఎన్ఏడీ ట్రాఫిక్‌లో నిలబడాలి. కాబట్టి ఆయిల్ కూడా రెండు పనులూ చెయ్యాలి, రేసు కారుకి వాడినట్టు ప్రతి ఈవెంట్‌కీ మార్చడం మన వల్ల కాదు.

నాది పాత పోలో జీటీ, కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) కంపెనీవే, ప్యాడ్లు మాత్రం కొంచెం వేడి తట్టుకునేవి వేయించా.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 312 డిగ్రీలు చూసి అందరూ ఎగబడతారు. అది డ్రై బాయిలింగ్ పాయింట్, అంటే సీలు తీసిన క్షణాన ఉండే లెక్క. దాని కింద చిన్నగా ఇంకో నంబర్ ఉంటుంది, 205, అది వెట్. ఆయిల్‌లో సుమారు 3.7 శాతం నీళ్ళు చేరాక మరిగే వేడి అది. మామూలు డాట్ 4 కి రూల్ ప్రకారం కనీసం డ్రై 230, వెట్ 155 ఉండాలి, డాట్ 3 కి 205, 140. డాట్ 5.1 అయితే 260, 180. ఇప్పుడు ఈ నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి, నీళ్ళు పట్టేసిన ఆర్‌బీఎఫ్ 600 205 దగ్గర మరిగిపోతుంది, నిన్న సీలు తీసి పోసిన సాదా డాట్ 4 230 దాకా ఆగుతుంది. అంటే ఖరీదైన పాత ఆయిల్ కన్నా చవకైన కొత్త ఆయిలే నయం. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం డబ్బులు మిగుల్తాయి.

నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి అని అడుగుతారు చాలామంది, వానలో తడిస్తే దిగుతాయా అని. అది కాదు, ఈ ఆయిల్‌ది తేమ లాక్కునే గుణం, గాల్లో ఉన్న తేమ రబ్బరు హోసుల్లోంచి, రిజర్వాయర్ (కారులో ఆయిల్ ఉండే చిన్న డబ్బా) మూత దగ్గర్నుంచి మెల్లమెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది, కారు వాడినా వాడకపోయినా. ఇక మన ఊరి సంగతి తెలిసిందే కదా, వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు డబ్బా ఏమవుతుందో బ్రేక్ ఆయిల్‌కీ అదే గతి. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి, సముద్రం పక్కన ఉండి ట్రాక్‌కి కూడా పోయేవాడు అంతకాలం ఆగకూడదని నా గట్టి అభిప్రాయం. వానాకాలం అయిపోయాక, ట్రాక్ డే కి ముందు, ఏడాదికోసారి. నేను అలాగే చేస్తున్నా.

ఇక అసలు ఎలా ఉందో చెప్తా. చెన్నైలో మధ్యాహ్నం సెషన్, ఎండ మాడ్చేస్తోంది, ప్రతి ల్యాప్‌లో స్ట్రెయిట్ చివర గట్టిగా కాలు వెయ్యాలి, చల్లారే టైమే దొరకదు. స్పీడు రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది, ఆ శక్తంతా వేడిగా మారి డిస్కులోకి, ప్యాడ్‌లోంచి పిస్టన్‌కి, అక్కణ్ణించి ఆయిల్‌కి పోతుంది. సెషన్ చివరికి ప్యాడ్ల వాసన వచ్చింది, స్టీరింగ్ కొంచెం వణికింది, కానీ పెడల్ మాత్రం మొదటి ల్యాప్‌లో ఎక్కడ పట్టిందో చివరి ల్యాప్‌లోనూ అక్కడే పట్టింది. ఈ డబ్బాకి డబ్బులు పెట్టేది ఇందుకే. నాతో వచ్చిన తమ్ముడొకడు కారు కొన్నప్పటి ఆయిల్‌తోనే దిగాడు, కాసేపటికే పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతోందని పిట్‌లోకి వచ్చేశాడు. పంపు కొట్టినట్టు రెండు మూడు సార్లు తొక్కితే గానీ పట్టడం లేదంట. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆయిల్ నొక్కితే నొక్కబడదు కానీ ఆవిరి నొక్కబడిపోతుంది, మీ కాలు తోసిన తోపంతా ఆ బుడగలే మింగేస్తాయి, కాలిపర్ దాకా ఏమీ పోదు.

ఇక్కడ ఒక తేడా గమనించండి, చాలామంది కలిపేసి మాట్లాడతారు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ప్యాడ్ల గోల, దానికి ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఉపయోగం లేదు. పెడల్ మెత్తబడి లోపలికి పోతే అప్పుడు ఆయిల్ గురించి ఆలోచించాలి. ఏది ఏంటో తెలీకుండా షాపుకెళ్తే అన్నీ అంటగడతారు.

అరకు సంగతి వేరు. అనంతగిరి నుంచి డముకు వ్యూ పాయింట్ మీదుగా టైడా దాకా దిగేటప్పుడు ముందు పోయే టూరిస్టు బళ్ళ నుంచి కాలిన బ్రేకుల కంపు రావడం అందరికీ తెలుసు. వాళ్ళకి కావాల్సింది రేసింగ్ ఆయిల్ కాదు బాబూ, గేరు. ఎక్కిన గేర్‌లోనే దిగు, ఇంజిన్ పట్టుకుంటుంది, బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచెయ్యకుండా కావాల్సినప్పుడు ఒకసారి గట్టిగా వేసి వదిలెయ్. అలా దిగితే ఘాట్‌లో మంచి డాట్ 4 కి, ఈ 600 కి తేడా నా కాలికైతే ఏమీ తెలియలేదు, నిజం చెప్పాలి కదా.

వేరేవి చూడలేదా అంటే చూశా. ఇదే కంపెనీ ఆర్‌బీఎఫ్ 660 కి డ్రై 325, వెట్ మాత్రం దాదాపు 600 ది ఎంతో అంతే, అంటే కొత్తగా పోసిన రోజుల్లోనే తేడా, ఏడాదంతా కారులో ఉంచుకునే మనలాంటోళ్ళకి ఆ ఎక్కువ డబ్బు దేనికి. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ అని ఒకటుంది, దానికి వెట్టే 270 అంటారు, కాగితం మీద చూస్తే మన తేమకి అదే రాజు, కానీ రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, దొరకడమూ కష్టమే. డబ్బుకి వెనకాడని వాళ్ళు అది తెప్పించుకోండి, నేను అడ్డం చెప్పను. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు, అది సిలికాన్, డాట్ 3, 4, 5.1 లతో కలవదు, 5.1 కి దగ్గరగా ఉందని పొరపడి కొంటే మొదటికే మోసం.

కొత్త కార్లలో ఏబీఎస్, ఈఎస్‌పీ (చక్రాలు లాక్ అవ్వకుండా, కారు జారకుండా చూసేవి) ఉన్నాయి, పల్చటి ఆయిల్ వాడమని కంపెనీ రాసింది, ఈ 600 చిక్కన కదా అని ఒకరు అడిగారు. ఆ చిక్కదనం కొలిచేది మైనస్ 40 డిగ్రీల దగ్గర, మన లంబసింగి చలి కూడా దాని ముందు వేసవే. మా కారులో ఏబీఎస్ పనిలో ఏ తేడా నాకు కనిపించలేదు. అయినా వారంటీలో ఉన్న కారైతే మాన్యువల్‌లో ఉన్నదే పొయ్యండి, గొడవ దేనికి.

కొనేటప్పుడు జాగ్రత్త. ఆటోనగర్ వైపు ఒక షాపులో అడిగితే కౌంటర్ కింద నుంచి సగం ఉన్న డబ్బా తీసి, నిన్ననే ఓపెన్ చేశాం సార్, రేటు తగ్గించి ఇస్తాం అన్నాడు. మూత కింద ఉండాల్సిన సీలు రేకు లేదు, మూత అంచున ఆయిల్ ఆరిపోయి జిడ్డు పేరుకుని ఉంది. వద్దు బాబాయ్ అని వచ్చేశా. సీలు తీసిన డబ్బాని ఫ్రీగా ఇచ్చినా తీసుకోకండి. అర లీటరు డబ్బా వెయ్యి దాటుతుంది, మామూలు బాష్, గిర్లింగ్ లాంటివి దానికి చాలా తక్కువలో వస్తాయి, కాబట్టి కొంటే కొత్తదే కొనాలి.

మార్పించింది తెలిసిన మెకానిక్ దగ్గర, పక్కనే నిలబడి. పాత ఆయిల్ రిజర్వాయర్‌లోంచి సిరంజితో లాగి, కొత్తది పోసి, ఒక్కో చక్రం దగ్గర ఆయిల్ బయటికి తీసే నిపిల్‌కి ట్రాన్స్‌పరెంట్ ట్యూబు పెట్టాడు. ముదురు గోధుమ రంగు ఆయిల్ వచ్చి వచ్చి మధ్యలో సన్నటి బుడగలు, తర్వాత లేత రంగుది మొదలయ్యాక ఇంకొంచెం పోనిచ్చి నిపిల్ బిగించాడు. రిజర్వాయర్ పైన మాత్రమే మార్చి ఇచ్చేసే వాళ్ళున్నారు, అసలు వేడెక్కేది కాలిపర్ దగ్గర, అక్కడి పాత ఆయిల్ అక్కడే ఉండిపోతే మీరు పోసిన ఖరీదైనది ఎందుకూ పనికిరాదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యాలి, పెయింట్ లేచిపోతుంది.

ట్రాక్ నుంచి బయటికి రాగానే హ్యాండ్ బ్రేక్ లాగకండి, చివరి ల్యాప్ మెల్లగా తిప్పి కొంచెం చల్లారనివ్వండి. ఆగిన కారుకి గాలి తగలదు, డిస్కు వేడంతా కాలిపర్‌లోకి ఎక్కుతుంది, తిరిగేటప్పుడు మరగని ఆయిల్ నిలబెట్టాక మరిగే ఛాన్స్ ఉంది.

మార్కులు అడిగితే ట్రాక్‌కి పోయేవాళ్ళకి 10 కి 9, ఆ ఒక్కటి తగ్గించింది రేటుకి. ఊళ్ళో తిరిగేవాళ్ళకి 5. రెండు డబ్బాలు కొంటే కారుకి సరిపోయి కాస్త మిగుల్తుంది, దాన్ని షెల్ఫులో దాచిపెట్టుకోవద్దు, అదే రోజు బైకున్న ఫ్రెండ్‌ని పిలిచి దానికి ఎక్కించెయ్యండి, బైకు బ్రేక్ ఆయిల్ మూత మీద డాట్ 4 అని ఉందో లేదో చూసి మరీ.