మారోవిండ్‌లో దారి అడగాలి, ఆబ్లివియన్‌లో అక్కర్లేదు

విజయనగరంలో మా ఇంటి కంప్యూటర్ పక్కన రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. అందులో సగం దాకా మారోవిండ్ అనే కంప్యూటర్ ఆటలోని దారులే. "మూన్‌మాత్ కోట దాటాలి, లోయ మీద డ్వేమర్ అనే పాత జాతి కట్టిన వంతెన, అది దాటితే ఆర్కెంగ్‌థాండ్ శిథిలాలు." ఆబ్లివియన్ ఆడినన్ని రోజులూ ఆ పుస్తకం తెరిచే పనే పడలేదు. ఎల్డర్ స్క్రోల్స్ అనే ఆటల వరుసలో మారోవిండ్ మూడోది, ఆబ్లివియన్ నాలుగోది. బెథెస్డా కంపెనీ మొదటిదాన్ని 2002లో, రెండోదాన్ని 2006లో తెచ్చింది. "ఏది ముందు ఆడాలక్కా?" అని తమ్ముడు అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

మారోవిండ్‌లో ఎటు నడవాలో చూపించే బాణం ఉండదు. పని అప్పగించినవాళ్లు నోటితోనే దారి చెప్తారు, అది డైరీలోకి ఎక్కుతుంది, ఆ తర్వాత మన కాళ్లే దిక్కు. మా ఊళ్లో కొత్తగా వచ్చినవాళ్లకి "ఇలాగెల్లి మూడు లాంతర్ల కాడ అడుగు బావూ, సెప్తారు" అంటారు చూడండి, అచ్చం అలాగే. ఆర్కెంగ్‌థాండ్ దగ్గర నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చోటు దొరికింది గానీ తలుపు తెరుచుకోలేదు. కొండరాయి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దగ్గర్లో ఉన్న గొట్టం మీద ఒక తిప్పుడు పిడి చూశాను. తిప్పగానే రాతి గోళం విచ్చుకుంది. అప్పుడు ఒళ్లు జలదరించింది.

మొదటి ఊరు సేడా నీన్ దాటగానే ఒక మంత్రగాడు కేకలు పెడుతూ ఆకాశం నుంచి పడి చనిపోతాడు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలు దొరుకుతాయి. ఒకటి చదివి గెంతితే మబ్బుల్లోకి వెళ్లిపోతాం. దిగడం ఎలాగన్నది మాత్రం అందులో రాసి ఉండదు! ఇలాంటివి ఎవరూ పిలిచి చూపించరు, నడిచేవాళ్ల కంటపడతాయంతే. అందుకే మొదటిసారి బాల్మోరా ఊరికి సిల్ట్ స్ట్రైడర్ (జనాన్ని మోసుకెళ్లే పెద్ద పురుగు) ఎక్కకుండా నడిచి వెళ్లమంటాను.

కొత్తవాళ్లకి చిరాకు పుట్టించేది పోట్లాట. కత్తి ఎదుటివాడికి తగిలినట్టే కనిపిస్తుంది, లెక్కలో తగలదు. పరుగెత్తుకుంటూ వెళ్లి కొట్టడం దీనికి పెద్ద కారణం. ఆకుపచ్చ గీత మనలో మిగిలిన ఓపికను చూపిస్తుంది, పరుగెత్తితే అది తగ్గిపోతుంది. అది నిండాకే కత్తి తీయండి, ఆట మొదట్లో మన పాత్రకి ఎంచుకున్న రకం ఆయుధాన్నే వాడండి.

ఆబ్లివియన్ అందం వేరు. ఆట మొదలయ్యే జైలు కింద మురుగు సొరంగంలోంచి బయటికి రాగానే ఎదురుగా సరస్సు, అవతల తెల్లరాతి శిథిలాలు. కథలోని చక్రవర్తికి ఇంగ్లిష్ నటుడు పాట్రిక్ స్టూవర్ట్ గొంతు. మారోవిండ్‌లో చాలావరకు చదువుకోవాలి, ఇక్కడ అందరూ మాట్లాడతారు. డార్క్ బ్రదర్‌హుడ్ అనే హంతకుల ముఠా అప్పగించే పనులు మరీ బాగుంటాయి. ఒక ఇంట్లో ఐదుగురు అతిథులతో పాటు మనల్నీ పెట్టి తాళం వేస్తారు. వాళ్లు బంగారం పెట్టె కోసం వచ్చామనుకుంటారు, మనం వచ్చింది వాళ్ల కోసం. ఒక్కొక్కరితో కూర్చుని కబుర్లు చెప్తూ ఆ పని చేస్తుంటే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

కానీ దిక్సూచి మీద గుర్తు ఉంటుంది, వెళ్లిన ఊరికి మ్యాప్ మీద నొక్కితే చేరిపోతాం. అన్ని గంటలు ఆడాక కూడా ఏ ఊరికి ఏది దారో నాకు తెలియలేదు. పైగా మనం బలపడేకొద్దీ శత్రువులూ బలపడతారు. దారిదోపిడీ దొంగ ఖరీదైన గ్లాస్ కవచం వేసుకొచ్చి వంద నాణేలు ఇమ్మంటాడు. మారోవిండ్‌లో భయపడి పారిపోయిన గుహకే మళ్లీ వెళ్లి గెలిచినప్పటి సంతోషం ఇక్కడ దొరకదు.

మారోవిండ్ పాత కంప్యూటర్ మీదా హాయిగా నడుస్తుంది. 2025లో మెరుగుపరిచి మళ్లీ తెచ్చిన ఆబ్లివియన్‌కి మాత్రం గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి.

తమ్ముడి చేత మారోవిండే మొదలుపెట్టించాను. నిన్న రాత్రి ఫోన్ చేసి, ఆర్కెంగ్‌థాండ్ తలుపు తెరుచుకోవట్లేదన్నాడు. చుట్టుపక్కల గొట్టాలేమైనా ఉన్నాయేమో చూడమని మాత్రం చెప్పాను.