డయల్ గీతలా, డీఆర్‌ఓ అంకెలా: చేతితో తిప్పే మిల్లింగ్, లేత్ మెషీన్ల మీద ఏది మేలు?

మిల్లింగ్ మెషీన్ టేబుల్‌ను సరిగ్గా 137.46 మిల్లీమీటర్లు జరపాల్సి వచ్చిందనుకుందాం. టేబుల్‌ను జరిపే మర, అంటే లీడ్‌స్క్రూ, పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) 5 మి.మీ., హ్యాండిల్ దగ్గరి డయల్ మీద ఒక్కో గీత విలువ 0.02 మి.మీ. అయితే హ్యాండిల్‌ను 27 పూర్తి చుట్లు తిప్పి, ఆపైన 123 గీతలు లెక్కపెట్టాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే 27 కాస్తా 26 అవుతుంది, రంధ్రం 5 మి.మీ. ఇవతల పడుతుంది. డిజిటల్ రీడౌట్, అంటే పనివాళ్లు డీఆర్‌ఓ అని పిలిచే పరికరం అమర్చిన మెషీన్ మీదైతే తెర మీది అంకె 137.460 చూపేదాకా తిప్పి ఆపితే చాలు. ఇంతమాత్రం చూసే చాలామంది డీఆర్‌ఓయే మేలని తేల్చేస్తారు. ఆ తీర్పు సగం సరైనదే గానీ, దానికి వాళ్లు చెప్పే కారణం మాత్రం చిన్నది.

అసలు తేడా ఆ రెండూ దేన్ని కొలుస్తున్నాయన్న దగ్గర ఉంది. డయల్ చెప్పేది మర ఎంత తిరిగిందన్న సంగతి మాత్రమే. మరకూ నట్టుకూ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది కాబట్టి దిశ మార్చి తిప్పినప్పుడు ఆ ఖాళీ నిండేదాకా డయల్ కదులుతుంది, టేబుల్ కదలదు. బ్యాక్‌లాష్ అనేది ఇదే. పైగా ఏళ్ల తరబడి వాడిన మర మధ్యభాగంలోనే ఎక్కువగా అరుగుతుంది కాబట్టి ఈ ఖాళీ టేబుల్ పొడవునా ఒకేలా ఉండదు. డీఆర్‌ఓ స్కేలు మరను పట్టించుకోదు. టేబుల్‌కు బిగించి ఉంటుంది, టేబుల్ జరిగిన దూరాన్నే చదువుతుంది.

జాబ్ (కోయడానికి బిగించిన ముక్క) నడిమధ్యను పట్టుకునే పనిలో ఈ తేడా బాగా బయటపడుతుంది. వైస్‌లో 84.36 మి.మీ. వెడల్పున్న దిమ్మె ఉంది, మర బ్యాక్‌లాష్ 0.30 మి.మీ. ఉంది. అంచు ఎక్కడుందో తాకి చెప్పే ఎడ్జ్ ఫైండర్‌ను ఎడమ ముఖానికి ఒక దిశ నుంచి, కుడి ముఖానికి దానికి ఎదురు దిశ నుంచి తాకించక తప్పదు. డయల్ లెక్కనే నమ్ముకుని, ఖాళీని లెక్కలోంచి తీసివేయకుండా సగం చేసి వెనక్కి వస్తే, ఏ వైపు నుంచి వచ్చి ఆగినా మధ్యబిందువు 0.15 మి.మీ. తప్పుతుంది. డీఆర్‌ఓతో అయితే ఎడమ ముఖం దగ్గర సున్నా చేసి కుడి ముఖాన్ని తాకాలి. ఎడ్జ్ ఫైండర్ మొన వ్యాసం 10 మి.మీ. అయితే తెర 94.360 చూపిస్తుంది, సగం మీట నొక్కితే అది 47.180 అవుతుంది, ఆపైన అంకె సున్నా అయ్యేదాకా వెనక్కి రావడమే. మొన వ్యాసం రెండు వైపులా సమానంగా చేరింది కాబట్టి దాన్ని తీసివేయాల్సిన అవసరం కూడా ఉండదు. డీఆర్‌ఓ మీద ఉన్న మీటలన్నింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఈ సగం మీటనే ఉంచుకుంటాను.

దాని తరువాతి స్థానం వలయం మీద రంధ్రాలు వేసే సౌకర్యానిది. 100 మి.మీ. వ్యాసం గల పిచ్ సర్కిల్ (రంధ్రాల మధ్యబిందువులు పడే వలయం) మీద 6 రంధ్రాలు కావాలంటే, వలయం మధ్య (0, 0) అనుకుంటే, మొదటిది (50, 0) దగ్గర, రెండోది (25, 43.301) దగ్గర, మూడోది (-25, 43.301) దగ్గర పడతాయి. ఈ లెక్క కాగితం మీద కూడా సులభంగానే వస్తుంది. చిక్కు తిప్పడంలో ఉంది: వలయం చుట్టూ తిరిగేటప్పుడు రెండు అక్షాల దిశలూ మధ్యలో మారతాయి కాబట్టి, డయల్ మీద ఆధారపడినవాడు దిశ మారిన ప్రతి రంధ్రం దగ్గరా కొంత దాటిపోయి మళ్లీ అలవాటైన వైపు నుంచి రావాలి. డీఆర్‌ఓకు మధ్యబిందువు, వ్యాసం, రంధ్రాల సంఖ్య, మొదటి కోణం ఇస్తే ప్రతి రంధ్రం దగ్గరా రెండు అంకెలనూ సున్నాకు తెమ్మంటుంది. కొన్ని నమూనాలు వ్యాసం అడుగుతాయి, కొన్ని వ్యాసార్ధం అడుగుతాయి. ఇది చూసుకోకపోతే వలయం రెట్టింపో సగమో అవుతుంది. అందుకే ముందు సెంటర్ డ్రిల్‌తో చుక్కలు మాత్రం పెట్టుకుని, పక్కపక్క చుక్కల మధ్య దూరం వెర్నియర్‌తో చూడడం మంచిది. 6 రంధ్రాల వలయంలో ఆ దూరం వ్యాసార్ధంతో సమానం కాబట్టి ఇక్కడ 50 మి.మీ. రావాలి.

ఇక ఏబీఎస్, ఐఎన్‌సీ అనే రెండు లెక్కల మధ్య ఏది మేలన్నది వేరే ప్రశ్న. ఏబీఎస్ అంటే అన్ని దూరాలనూ ఒకే మూలబిందువు నుంచి చూపడం. ఐఎన్‌సీ అంటే ఎక్కడ సున్నా చేస్తే అక్కడి నుంచి చూపడం. డ్రాయింగ్‌లో కొలతలన్నీ ఒకే అంచు నుంచి ఇచ్చి ఉంటే ఏబీఎస్‌లోనే ఉండాలి. ప్రతి రంధ్రం దగ్గరా సున్నా చేసుకుంటూ పోతే ఒక్కోసారి వదిలేసిన చిన్న మిగులు తరువాతి దానికి చేరి, చివరి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి కనిపించేంత అవుతుంది. రంధ్రం నుంచి రంధ్రానికే కొలత ఇచ్చిన చోట ఐఎన్‌సీ హాయిగా ఉంటుంది. ఒకసారి నేను నాలుగు రంధ్రాలు వేశాక ఐఎన్‌సీలో ఉన్నాననుకుని ఏబీఎస్‌లో సున్నా నొక్కాను, మూలబిందువు చెరిగిపోయింది. అప్పటికే వేసిన (25.00, 40.00) రంధ్రంలో ఇండికేటర్ (చిన్న కదలికను కూడా ముల్లుతో చూపే పరికరం) తిప్పి దాని మధ్యను పట్టుకుని, ఆ రెండు అంకెలనూ తిరిగి ఎక్కించాక గానీ పని ముందుకు సాగలేదు. చుట్లు లెక్క తప్పితే ఒక్క రంధ్రం పోతుంది, మూలబిందువు చెరిగిన సంగతి గమనించకపోతే మిగిలిన రంధ్రాలన్నీ పోతాయి.

అయితే డీఆర్‌ఓ బ్యాక్‌లాష్‌ను చూపకుండా దాటవేస్తుందే తప్ప తొలగించదు. కట్టర్ తిరిగే దిశలోనే జాబ్‌ను జరిపి కోసే క్లైంబ్ మిల్లింగ్‌లో కట్టర్ టేబుల్‌ను తనవైపు లాక్కుంటుంది. తెర మీది అంకె ఎంత సూక్ష్మంగా ఉన్నా ఆ లాగుడును ఆపలేదు. కోయని అక్షానికి లాక్ బిగించడం డయల్ కాలంలో ఎంత అవసరమో ఇప్పుడూ అంతే అవసరం. లాక్ బిగించేటప్పుడు అంకె 0.01 లేదా 0.02 మి.మీ. పక్కకు దూకడం చాలా మెషీన్ల మీద కనిపిస్తుంది. దాన్ని స్కేలు లోపమని తిట్టుకోనక్కర లేదు. టేబుల్ జారే దారిలోని ఖాళీని సర్దే గిబ్ పట్టీ వదులుగా ఉండి టేబుల్ నిజంగానే జరుగుతోంది, డయల్ ఆ సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు, అంతే.

లేత్ మీదికి వస్తే పోలిక మరోలా ఉంటుంది. టూల్‌ను జాబ్‌లోకి అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ డయళ్లలో కొన్ని టూల్ జరిగిన దూరం చూపుతాయి, కొన్ని వ్యాసంలో తగ్గే మొత్తం చూపుతాయి. మెషీన్ మారినప్పుడల్లా ఈ గందరగోళం తప్పదు. డీఆర్‌ఓను వ్యాసం లెక్కలో పెట్టి, జాబ్‌ను ఒకసారి కోసి, మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతనే ఎక్కిస్తే ఆపైన తెర చూపేది వ్యాసమే అవుతుంది. చివరి కోతకు ముందు మళ్లీ కొలవాలన్నది మాత్రం మారదు, ఎందుకంటే సన్నని షాఫ్ట్ టూల్ ఒత్తిడికి పక్కకు వంగిన సంగతి స్లైడ్‌కు బిగించిన స్కేలుకు తెలియదు. టూల్ నంబర్లను గుర్తుపెట్టుకునే సౌకర్యం కూడా, తీసి పెట్టినా అదే చోట కూర్చునే క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ ఉన్నవారికే ఉపయోగం.

క్రాస్ స్లైడ్ మీద కూర్చుని, కావలసిన కోణానికి తిప్పుకోగల కాంపౌండ్ స్లైడ్ దగ్గర మాత్రం డయల్‌దే పైచేయి. రెండు అక్షాల డీఆర్‌ఓకు కాంపౌండ్ కదలిక కనిపించదు. దాన్ని కొంచెం జరిపితే టూల్ మొన చోటు మారుతుంది, తెర మీది అంకె మారదు. మరోవైపు కాంపౌండ్‌ను బెడ్‌కు, అంటే లేత్ పొడవు దిశకు, 5.74 డిగ్రీల కోణంలో పెడితే, ఆ కోణం సైన్ విలువ 0.1 కాబట్టి, డయల్ మీద 0.10 మి.మీ. తిప్పినప్పుడు టూల్ జాబ్‌లోకి 0.01 మి.మీ. మాత్రమే దిగుతుంది. ఈ పాత ఉపాయం ముందు ఎంత ఖరీదైన తెర అయినా అదనంగా ఇచ్చేది పెద్దగా లేదు.

స్కేలు ఎంపికలో గాజుదా, అయస్కాంతానిదా అన్న మాట వస్తుంది. గాజు స్కేలు మీద సాధారణంగా 20 మైక్రాన్లకొకటి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున గీతలుంటాయి. కాంతి వాటి గుండా వెళ్లి ఇచ్చే రెండు సంకేతాలను నాలుగు భాగాలుగా విడదీస్తే 5 మైక్రాన్ల మెట్టు, అంటే తెర చూపగల అతి చిన్న దూరం, వస్తుంది. కూలెంట్, నూనె లోపలికి చేరితే అది గుడ్డిదవుతుంది, కాబట్టి దాని రబ్బరు పెదవులు కిందికి ఉండేలా బిగించాలి. అయస్కాంత స్కేలు తడికీ మురికికీ బాగా ఓర్చుకుంటుంది, చాలా రకాలను కావలసిన పొడవుకు కత్తిరించుకోవచ్చు. కానీ బలమైన అయస్కాంతం దగ్గరికి తెస్తే పాడవుతుంది, అంటే అలవాటుగా అడుగున అయస్కాంతం ఉండే ఇండికేటర్ స్టాండ్‌ను దాని మీద అతికించకూడదు. చేతి మిల్లింగ్ మెషీన్‌కు 5 మైక్రాన్ల మెట్టు చాలు, 1 మైక్రాన్ పెడితే చివరి అంకె మిణుకుమంటూ చిరాకు పెట్టడం తప్ప ఒరిగేది లేదు. లేత్ క్రాస్ స్లైడ్‌కు మాత్రం 1 మైక్రాన్ స్కేలే మేలు. అక్కడ 5 మైక్రాన్ల మెట్టు వ్యాసంలో 10 మైక్రాన్లు అవుతుంది.

ఈ రెండు రకాల స్కేళ్లలో ఏదీ కొనలేని చోట మధ్యదారి ఒకటుంది: మాగ్నెటిక్ బేస్ మీద నిలబెట్టిన డయల్ ఇండికేటర్, దూరం ఎక్కువైతే మధ్యలో కచ్చితమైన మందం గల స్లిప్ గేజ్‌లు. ఇదీ టేబుల్‌నే నేరుగా కొలుస్తుంది, బ్యాక్‌లాష్ దీనికీ అంటదు. కాకపోతే ఒక్కో అక్షానికి విడిగా సర్దుకోవడంలో పూట గడిచిపోతుంది.

ఒకటి రెండు జాబ్‌లు నెమ్మదిగా చేసుకునేవారికి ఈ మధ్యదారి చాలు. రంధ్రాల పని తరచుగా వచ్చే మిల్లింగ్ మెషీన్‌కు రెండు అక్షాల డీఆర్‌ఓ ముందు పెట్టించాలి. లేత్ మీద ఒక్క అక్షానికే వీలుంటే అది క్రాస్ స్లైడ్‌కే దక్కాలి. పెట్టించాక డయళ్లను పీకేయకూడదు: కరెంటు పోయినప్పుడు ఎవరో హ్యాండిల్ తిప్పితే చాలా స్కేళ్లకు ఆ సంగతి తెలియదు, తెర పాత అంకెనే చూపిస్తూ వెలుగుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు డయల్‌ను కూడా సున్నాకు తిప్పి ఉంచుకున్నవాడు మాత్రం గీత తప్పి ఉండడం చూసి ఆగిపోతాడు.